ట్రాక్టర్ ట్రాలీ డ్రమ్ము బ్రేకు

ఇంజను లేని బండికి సొంత బ్రేకు ఎందుకన్న ప్రశ్న ట్రాక్టర్ కంటే పాతది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర, ఎత్తు ఎక్కలేక ఆగిన రైలు నుంచి విడదీసిన పెట్టెలు వెనక్కి జారి, వెనుక వస్తున్న రైలును ఢీకొన్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు. ఇంజనుతో లంకె తెగగానే వాటంతటవే పట్టుకునే బ్రేకులు ఆ పెట్టెలకు లేవు. అదే ఏడాది బ్రిటన్ ప్రయాణికుల రైళ్లకు అలాంటి బ్రేకులను తప్పనిసరి చేసింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు పత్తి, మిర్చి తెచ్చే ట్రాలీల సంగతికొస్తే, సొంత బ్రేకు లేనివి మన రోడ్ల మీద నేటికీ మామూలే.

ట్రాక్టర్ బ్రేకు చాలదా, వెళ్లేది నెమ్మదిగానే కదా అంటారు. చాలదు. రెండు టన్నుల ట్రాక్టర్ వెనుక నాలుగైదు టన్నుల బరువుంటే, ముందున్నది ఆగినా వెనుకది తోస్తూనే ఉంటుంది. వంపులోనో వాలులోనో ఆ తోపుకు ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. పొలంలో మలుపు కోసం కుడి, ఎడమలకు విడివిడిగా పెట్టిన పెడళ్లను రోడ్డెక్కేముందు కొక్కెంతో కలపకపోతే ఒక పక్కే బ్రేకు పడి ప్రమాదం మరింత పెరుగుతుంది.

అందుకే ట్రాలీకి సొంత బ్రేకు కావాలి, దానికి డ్రమ్ము బ్రేకే సరిపోతుంది. 1902లో ఫ్రాన్సు కార్ల తయారీదారు లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే షూ మీది లైనింగు (రాపిడి పొర) కథ మాత్రం గుర్రబ్బండ్లతో మొదలైంది. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండదారుల్లో బండ్లవాళ్లు చక్రానికి పాత బూట్లు అడ్డుపెట్టడం గమనించిన హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో బ్రేకు దిమ్మెల తయారీకి దిగాడు. అదే తర్వాత ఫెరోడో కంపెనీ అయింది. ఆపైన వచ్చిన ఆస్‌బెస్టాస్ లైనింగు వేడికి తట్టుకుంది కానీ దాని పొడి ఊపిరితిత్తులకు ముప్పు. అందుకే పాత డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

డిస్కు బ్రేకు మేలు కదా అన్న వాదన కార్ల విషయంలో నిజం. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పొడవైన ఘాట్ రోడ్డులో పట్టు సడలుతుంది. వరంగల్ చుట్టుపక్కల దారుల్లో, ట్రాలీ వేగానికి ఆ వేడి అరుదు. పైగా చక్రం తిరుగుడే ముందు షూను డ్రమ్ముకేసి ఇంకా బిగిస్తుంది కనుక తక్కువ బలంతోనే బ్రేకు పడుతుంది. మూసి ఉన్న డ్రమ్ము పొలం బురదను కొంతవరకు ఆపుతుంది కూడా.

డ్రమ్ముకు అసలు శత్రువు నిర్లక్ష్యం. లైనింగు అరిగేకొద్దీ షూకు, డ్రమ్ముకు మధ్య ఎడం పెరుగుతుంది, ఆ ఎడాన్ని ఎప్పటికప్పుడు సర్దాలి. చదునైన చోట మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాలి. డ్రమ్ము ఊడి రాకపోతే సుత్తితో బాదేముందు ఎడాన్ని సర్దే అడ్జస్టర్ వదులు చేయాలి. ఎందుకంటే అరుగుడుకు డ్రమ్ము అంచున గట్టు కట్టి షూలు దానికి తగులుకుంటాయి. లైనింగు రివిట్ల తలల దాకా వచ్చిందంటే మార్చాల్సిందే, లేకుంటే రివిట్లు డ్రమ్మును గీరేస్తాయి. ఒక్క పక్కే మారిస్తే బ్రేకు ఒక వైపుకు లాగుతుంది కనుక ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ కొత్తవి వేయాలి. బిగించాక చక్రం పట్టేసేదాకా అడ్జస్టర్ తిప్పి, షూలు కుదురుకునేలా ఒకసారి బ్రేకు వేసి, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి వదలాలి. కొత్త లైనింగు డ్రమ్ముకు ఒదిగేకొద్దీ ఎడం మళ్లీ మారుతుంది కాబట్టి, కొద్ది రోజులు ఖాళీగానో తేలిక బరువుతోనో నడిపాక ఇంకోసారి సర్దాలి.