బుత్, బుర్ఖాన్, బఖ్షీ

ఉర్దూలో 'బుత్' అంటే విగ్రహం. బుత్‌ఖానా, బుత్‌పరస్త్, బుత్‌షికన్ - ఈ మాటలన్నీ నేను చిన్నప్పటి నుంచీ వింటున్నవే. షాయరీలో అదే బుత్ రాతిగుండె మెహబూబ్. కానీ ఈ లఫ్జ్ అసలు బుద్ధుడి పేరే. ఇస్లాం రాకముందు బల్ఖ్, బామియాన్ బౌద్ధుల ఇలాఖా. ఆ చుట్టుపక్కల వినిపించిన బుద్ధుడి పేరు ఫార్సీ జుబాన్‌లో ప్రతి విగ్రహానికీ పేరైపోయింది.

అదే పేరు తూర్పున ఇంకో రాస్తా పట్టింది. చైనా వాళ్లు దాన్ని ఒకే అక్షరానికి కుదించారు. పాత ఉయ్ఘుర్ తుర్కులు దాన్ని 'బుర్' అని పలికి, పక్కన తమ 'ఖాన్' చేర్చారు. బుర్ఖాన్! మానీ మతం వాళ్ల ఉయ్ఘుర్ రాతల్లో వాళ్ల ప్రవక్త కూడా 'మానీ బుర్ఖాన్'. ఉయ్ఘుర్‌ల దగ్గర లిపి నేర్చుకున్న మంగోలులు ఈ మాటనూ తీసుకున్నారు. ఇవాళ మంగోలియాలో బుర్ఖాన్ అంటే బుద్ధుడు, దేవుడు కూడా. ఒకే పేరు. పడమట తక్కువచూపు, తూర్పున ఇజ్జత్!

మన రత్నం కూడా ఆ దారినే పోయింది. తుర్కీ నాలుకకు మాట మొదట్లో 'ర' పలకదు కాబట్టి ముందు అచ్చు వచ్చి చేరింది. మంగోల్‌లో అది 'ఎర్దెనె'. కారకోరమ్ దగ్గర 1585లో మొదలైన మఠం పేరు ఎర్దెనె జూ. వజ్రమేమో 'ఓచిర్' అయింది.

నాకు అన్నిటికన్నా అజీబ్‌గా తోచేది బఖ్షీ. తెలుగువాళ్లకి వెంటనే బక్షీసు గుర్తొస్తుంది. రెంటికీ రిష్తా లేదు. బక్షీసు ఫార్సీ మాట. బఖ్షీ మాత్రం ఉయ్ఘుర్‌ల బౌద్ధ గురువు. పండితులు చాలామంది దీని మూలం చైనా భాషలో ఉందంటారు. మంగోలియాలో టీచర్ని ఇప్పటికీ 'బగ్ష్' అనే పిలుస్తారు. కజక్‌లకు 'బక్సీ' భూతవైద్యుడు, తుర్క్‌మెన్‌లకు 'బగ్షీ' పాటగాడు.

1295లో ఇరాన్ ఏలిక గాజాన్ ఖాన్ ముసల్మాన్ అయ్యాడు. బౌద్ధ మందిరాలు కూల్చమని హుకుం ఇచ్చాడు. బఖ్షీలను మతం మారండి, లేదా వెళ్లిపోండి అన్నాడు. అయినా అతని వజీర్ రషీదుద్దీన్ తన తారీఖ్‌లో బుద్ధుడి జీవితం రాయించాడు. అందుకు సాయపడింది కమలశ్రీ అనే కశ్మీరీ బఖ్షీ.

మందిరాలు పోయాయి, లఫ్జ్ మిగిలింది. తైమూర్ వంశం దర్బారుల్లో బఖ్షీ అంటే ఉయ్ఘుర్ లిపి తెలిసిన లేఖకుడు. వాళ్ల వారసులు మొగలులు హిందూస్తాన్ వచ్చాక, ఫౌజు జీతాల లెక్క చూసే పెద్ద అధికారి 'మీర్ బఖ్షీ' అయ్యాడు.

ఎవరైనా నా ముందు ఖాలిస్ జుబాన్, ఖాలిస్ తెహజీబ్ అంటూ మొదలుపెడితే, ఈ బఖ్షీ సాబ్ సఫర్‌నామా వినిపిస్తాను.