పరపతి: చాళ్ల ఉద్దెర ఖాతా నుండి సిబిల్ దాకా

నేను ఎనిమిదో తరగతి చదివినోణ్ణి. చేనేత సహకార సంఘంలో లెక్కలు రాసుకుంట తల నెరిసింది. అందుకే చరిత్ర కూడా నాకు అప్పుల ఖాతాలోంచే కనబడుతుంది.

మన తెలంగాణ నుండి బొంబాయికి ముందుగా పోయినవాళ్లలో కామాఠీలు ఉన్నారు. తట్టలు మోసి, రాళ్లు కొట్టి ఆ నగరాన్ని కట్టినవాళ్లు. కామాఠీపురాకు ఆ పేరు వాళ్లతోనే వచ్చింది. బట్టల మిల్లులు వచ్చినంక మన పద్మశాలీలు మగ్గం విడిచి వర్లీ, పరేల్ చాళ్లకు చేరారు. కొందరు ధారావిలో ఇల్లు చూసుకున్నారు.

ఊర్లో తాత పేరు చెబితే అప్పు పుట్టేది. బొంబాయిలో తాతను ఎవరెరుగుదురు? మిల్లు జీతం కూడా నెల దాటినంక పది పదిహేను రోజులకు గాని చేతికి రాకపోయేది. అందాక బియ్యం, ఉప్పు ఉద్దెరనే. పెద్ద అవసరం పడితే పఠాన్ దగ్గరికి పోవాలె. రూపాయికి నెలకు అణా వడ్డీ. చిన్నగానే కనబడుతుంది. లెక్క కట్టండి: ఏడాదికి 12 అణాలు, అంటే నూటికి 75.

ఇట్లాంటి బాధకే 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. రైతులు, చేతివృత్తులవాళ్లు, చిన్న ఆదాయం ఉన్నవాళ్ల కోసమని అందులోనే రాశారు. అప్పుల సంఘం అనలేదు, పరపతి సంఘం అన్నారు చూడండి. 1975లో ప్రేమా పురవ్ గారు దాదర్‌లో అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టి, మిల్లు కార్మికులకు వండిపెట్టే ఆడవాళ్లకు బ్యాంకు అప్పులు ఇప్పించారు. నగలు, భూములు లేని ఆ తల్లులకు మాటనే ఆస్తి.

నేను కూడా కొన్నేండ్లు మిల్లులో బదిలీ కార్మికుణ్ణి. 1982 జనవరి 18న దత్తా సామంత్ గారి సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది రోడ్డున పడ్డాం. మా చాళ్ల కింది కిరాణా సేటు నాలుగు నెలలు ఉద్దెర ఇచ్చిండు. ఊరికి తిరిగొచ్చేనాటికి 340 రూపాయల బాకీ. మగ్గం మీద కూర్చుని, నెలకు 40 చొప్పున మనియార్డరు పంపి, తొమ్మిదో నెలలో మిగిలిన 20తో తీర్చిన. కొన్నేండ్లకు మా తమ్ముడు అదే గల్లీకి పోతే, సేటు నా పేరు అడిగి, మొదటి రోజే ఖాతా తెరిచిండు.

ఇప్పుడు ఆ సేటు పుస్తకం జాగలో సిబిల్ ఉంది. 2000లో పెట్టారు. 2005లో దీనికి చట్టం వచ్చింది. స్కోరు 300 నుండి 900 దాకా. ధారావిలో కుట్టుపని చేసే మా బంధువుల పిల్లవాడు ఫోన్ కొని, 1,100 రూపాయల కిస్తీలు మూడు వదిలేసిండు. "చిన్నదే గదా బాబాయ్" అన్నడు. దోస్తుకు జామీను కూడా ఉన్నడు, ఆ దోస్తు కట్టలేదు. కుట్టు మిషన్లకు అప్పు అడిగితే బ్యాంకు లేదన్నది.

సేటుకు సమ్మె సంగతి తెలుసు, ఆగిండు. సిబిల్‌కు మన కష్టం తెలియదు, తేదీ ఒక్కటే తెలుసు. నా పరపతి మా తమ్ముడికి పనికొచ్చింది. ఇప్పుడు నాది నీకు రాదు, ఎవరిది వారే మొదటి నుండి సంపాదించుకోవాలె.

అందుకే పిల్లలూ, చిన్న అప్పుతో మొదలుపెట్టండి, తేదీకి ఒక రోజు ముందే కట్టండి. కట్టలేమని తెలిస్తే దాక్కోకండి, ముందుగానే పోయి బ్యాంకువాళ్లతో మాట్లాడండి. ఒకేసారి నాలుగు చోట్ల అప్పు అడగకండి. జామీను సంతకం అంటే అది మీ అప్పే. ఏడాదికి ఒకసారి సిబిల్ రిపోర్టు ఉచితంగా వస్తుంది. తీర్చిన అప్పు అందులో ఇంకా బాకీగా ఉంటే వెంటనే ఫిర్యాదు చేయండి. రేపు 6 శాతం వడ్డీకి చేనేత ముద్ర రుణం అడగాలన్నా బ్యాంకువాళ్లు ముందు చూసేది ఇదే.

నూలు తెగితే వెంటనే ముడి వేస్తాం. తెల్లారి చూద్దామంటే బట్ట మొత్తం చెడుతుంది. కిస్తీ కూడా అంతే.