రాజు, రాణి, రౌతు, బంటు

పేకాట తెలిసినవారికి బొమ్మముక్కలను పరిచయం చెయ్యనక్కరలేదు. రమ్మీలో ఎదుటివాడు ఆట ముగించేసరికి మన చేతిలో మిగిలిపోయిన రాజుకూ రాణికీ జాకీకీ తలా పది పాయింట్లు లెక్కగట్టుకోవడం వరకే వాటితో మనకున్న సంబంధం. టారో పేకలో ఈ ముగ్గురికి తోడు గుర్రమెక్కిన రౌతు కూడా ఉంటాడు. జాకీ స్థానంలో ఉన్నవాణ్ణి బంటు అందాం. కర్రలు, పాత్రలు, కత్తులు, నాణేలు అనే నాలుగు రంగుల్లో నలుగురు చొప్పున, మొత్తం 78 ముక్కల్లో 16 బొమ్మముక్కలు. ఈనాడు టారో చూసేవారు ఈ పదహారింటినీ పదహారు మనస్తత్వాలుగా చదువుతారు. ఫలానా ఆమె కత్తుల రాణి, నిష్కర్షగా మాట్లాడుతుంది. ఫలానా కుర్రాడు కర్రల రౌతు, ఆలోచించకుండా దూకుతాడు అంటారు.

ఆటలో లెక్కకోసం పుట్టిన ముక్క మనిషి స్వభావానికి గుర్తు ఎలా అయింది? ఈ కథలో జోస్యం నిజమా కాదా అన్నదానికంటే నన్ను ఎక్కువగా ఆకర్షించిన ప్రశ్న వేరే ఉంది. ఏ కాలంలో మనిషిని దేన్నిబట్టి గుర్తుపట్టారు అన్నది.

మొదట గుర్తుపట్టింది పదవినిబట్టి. ఐరోపా పేకకు మూలమైన ఈజిప్టు మమ్లూకుల కాలపు పేక ఒకటి ఇస్తాంబుల్ టోప్కాపి ప్రాసాదంలో ఉంది, ఎల్. ఎ. మేయర్ అనే పండితుడు 1939లో దాన్ని లోకానికి తెలియజేశాడు. అందులో బొమ్మముక్కల మీద బొమ్మలే లేవు! మాలిక్ (రాజు), నాయిబ్ (రాజప్రతినిధి), రెండవ నాయిబ్ అని పదవుల పేర్లు మాత్రం అందంగా రాసి ఉంటాయి. మనకు బాగా తెలిసిన 'నవాబు' ఈ నాయిబ్ శబ్దానికి చుట్టమే. మన దేశంలో ఆడిన గంజీఫాలో కూడా రంగుకొక రాజు, ఒక మంత్రి ఉంటారు. నిర్మల్ చిత్రకారులు ఒకప్పుడు ఆ గుండ్రటి ముక్కలు చిత్రించేవారు. అంటే ముక్క చెప్పేది ఆసనం గురించే. అందులో కూర్చున్నవాడు కోపిష్టా, శాంతుడా అన్నది దానికి పట్టదు.

పేక ఐరోపా చేరిన తొలిరోజుల్లోనే, 1377లో, జోహన్నెస్ అనే డొమినికన్ సన్యాసి దాని గురించి లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. నలుగురు రాజులు, ఒక్కొక్కరి కింద ఇద్దరు సేనానులు ఉన్న ఆ ఆటలో ఆయనకు రాజ్యవ్యవస్థ కనిపించింది. ఎవరి స్థానంలో వారు ఎలా నడుచుకోవాలో చెప్పడానికి పేకను ఉపయోగించుకున్నాడు. ఇక్కడ నడవడి ప్రసక్తి వచ్చింది గాని, అదీ పదవికి తగిన నడవడే.

పదిహేనవ శతాబ్దపు మధ్యభాగంలో ఉత్తర ఇటలీలో టారో పుట్టింది, ఆటగానే. మిలాను ప్రభువులకోసం చేయించిన పేకల్లో ఒకటి, నేడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నది, చిత్రమైనది. అందులో రంగుకు ఆరుగురు: రాజు, రాణి, మగరౌతు, ఆడరౌతు, మగబంటు, ఆడబంటు. తరవాతి పేకల్లో ఆ గుర్రమెక్కిన ఆడవారు కనిపించకుండాపోయారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

టారో ప్రాచీన ఈజిప్టు జ్ఞానభాండారమన్న ఊహను 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు ప్రచారంలో పెట్టాడు. దానికి ఆధారం ఏమీ లేదు. అంతకుముందే, 1770లో, ఎత్తెయా అనే ప్యారిస్ జ్యోతిష్కుడు (ఆల్యెత్ అన్న తన ఇంటిపేరును తిరగేసి పెట్టుకున్న పేరది) మామూలు పేకతో జోస్యం చెప్పే పుస్తకం అచ్చువేశాడు. అందులో ఆటీను రాజు తెల్లజుట్టు మనిషి (వయసు మీదపడి నెరిసినది కాదు, పుట్టుకతో వచ్చిన బంగారు ఛాయ), కళావరు రాజు నల్లజుట్టు మనిషి. పదవి పోయి శరీరం వచ్చింది.

ఈ పద్ధతి 1909 నాటి ప్రసిద్ధమైన పేకదాకా నడిచింది. దాన్ని ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ రూపొందించగా పమేలా కోల్మన్ స్మిత్ చిత్రించింది. దానికి తోడుగా రాసిన పుస్తకంలో వెయిట్ ప్రశ్న అడిగే వ్యక్తికి బొమ్మముక్కను ఎంచే విధానం చెప్పాడు. పసుపు జుట్టు, నీలికళ్లు ఉంటే కర్రలు. నల్లని జుట్టు, నల్లని కళ్లు, చామనఛాయ ఉంటే నాణేలు. ఈ లెక్కన మన తెలుగువాళ్లం దాదాపు అందరం నాణేల గుంపులో పడతాం; మిగిలిన మూడు రంగులూ మనకు నిషిద్ధమే! వయసు లెక్కలో నలభై దాటిన స్త్రీకి రాణి, అంతకు చిన్నదైతే బంటు. ఆడరౌతును ఏనాడో తీసివేశారు గనక, పడుచుపిల్లకు ఒక కుర్రవాడి బొమ్మతో సరిపెట్టవలసి వచ్చింది.

అయితే అదేచోట వెయిట్ ఇంకొక మాట చేర్చాడు. ఈ ఆచారాన్నే పట్టుకు వేళ్లాడనక్కరలేదనీ, నల్లనివాడైనా చురుకైనవాడికి కత్తుల ముక్క తగుననీ, తెల్లనివాడైనా మందకొడిగా ఉంటే పాత్రల ముక్క చాలుననీ దాని భావం. చిన్న మినహాయింపే గాని, మనిషిని ఒంటిరంగు నుంచి విడదీసి స్వభావంతో కలిపిన మలుపు ఇక్కడ కనిపిస్తుంది. 1888లో లండనులో ఏర్పడ్డ గోల్డెన్ డాన్ అనే రహస్యసమాజం, వెయిట్ కూడా సభ్యుడుగా ఉన్నది, నాలుగు రంగులకూ నాలుగు హోదాలకూ అగ్ని, జలం, వాయువు, పృథ్వి అంటగట్టి ఈ దారిని ముందే సుగమం చేసింది. కత్తుల రాణి వాయువులో జలం. అంటే ఆలోచనలో కలిసిన అనుభూతి.

1921లో యూంగ్ మనస్తత్వ రకాల గ్రంథం వెలువడింది. ఆయన భావాల మీద కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ నిర్మించిన ప్రశ్నావళి 1962లో అచ్చయింది. అందులోనూ రకాలు పదహారే! ఇంకేం, పదహారు బొమ్మముక్కలనూ పదహారు రకాలతో జతకలిపే పట్టికలు బయలుదేరాయి. కాని అక్కడ పదహారు వచ్చింది రెండేసి ఎంపికలను నాలుగుసార్లు హెచ్చవేస్తే. ఇక్కడ నాలుగు రంగులను నాలుగు హోదాలతో గుణిస్తే. అంకె ఒకటే, అల్లిక వేరు. అందుకే ఒకరి పట్టిక ఇంకొకరితో కలవదు.

ఇవన్నీ మనకు సరిపోయినట్టే ఎందుకు తోస్తాయి? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారిదేనని చెప్పి, అందరికీ ఒకే వర్ణన పంచాడు. అందులో చాలా వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. ఆ వర్ణన తమకు ఎంత సరిపోయిందో అయిదు మార్కులకు వెయ్యమంటే, సగటున నాలుగు దాటింది.

కనుక బొమ్మముక్క మన జాతకం చెబుతుందని నేను నమ్మను. అయినా దాన్ని పూర్తిగా తోసిపారెయ్యబుద్ధి కాదు. 'నువ్వు కత్తుల రాణివి' అంటే అది ముద్ర. జుట్టు రంగు చూసి వేసిన ముద్రకూ దానికీ ఎంతో దూరం లేదు. 'నిన్నటి తగవులో నేను కత్తుల రాణిలా మాట్లాడానా? పాత్రల రాణి అయితే ఏమనేది?' అని తనను తాను అడిగితే అది పరిశీలన. మొదటిది ఎదుటివాడు మన మీద వేసేది, రెండవది మనం మన నడవడి మీద వేసుకునే ప్రశ్న. ఆ పదహారు మందీ మనలో ఒక్కొక్క పూట ఒక్కొక్కరు పలుకుతారని ఒప్పుకుంటే, ఈ పాత ఆటముక్కలకు ఈనాటికీ కొంత ఉపయోగం ఉందనే నా అభిప్రాయం.