మెట్టాడె

ఖమ్మము చేలు దాటి భద్రాచలము అడవి అంచునకు పోవు త్రోవలో, వేసవిలో నల్లరేగడి నెర్రెలు విచ్చియుండుట శ్రోతలలో పెక్కురు చూచియే యుందురు. ఆ నెర్రెలను చూచినపుడు మాకొక చిన్న జంతువు కథ గుర్తునకు వచ్చును.

ఎండునేలల చిట్టి జంతువులనగానే లోకము గోబీ ఎడారి ప్రాంతపు మరుగుజ్జు హామ్‌స్టర్లను తలచును. బుగ్గ సంచులలో గింజలు నింపుకొని కలుగునకు చేర్చుట వాని నేర్పు. మన అడవులలో అవి లేవు. దక్కను పీఠభూమిలో మెట్టపొలములను కాపురము చేసికొన్నది వేరు కుటుంబపు చిట్టెలుక. మెత్తని బొచ్చు గలది, బుగ్గ సంచులు లేనిది.

దానిని గూర్చి వివరముగా వ్రాసినవాడు వాల్టర్ ఎలియట్. 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించిన దొర ఆయనయే. అంతకు పూర్వము ధార్వాడ ప్రాంతమున ఉద్యోగము చేయుచు, అచటి జంతువుల పట్టిక నొకటి కూర్చి 1839లో మద్రాసు పత్రికలో ప్రకటించెను. ఈ ఎలుకలు అయిదారు కలిసి పొదల క్రిందను, రాళ్ల కుప్పలలోను, రేగడి నెర్రెలలోను వసించుననియు, తొలకరికి నెర్రెలు పూడిపోగా ఏటేటా లెక్కలేనన్ని చచ్చుననియు ఆయన గమనించెను.

1826లో తొలకరి చాలినంత కురియలేదు. నెర్రెలు పూడలేదు, ఎలుకలు చావలేదు. చల్లిన విత్తనము చల్లినట్లే తినివేసినవి. జొన్న పండునప్పటికి దంట్ల మీదికెక్కి కంకులు కొరికి పడవేసినవి. చేలకు చేలే పాడైపోయి రైతులు శిస్తు కట్టలేకపోయిరి. తుదకు వడ్డెరలను పిలిపించి, ఇన్ని డజన్ల ఎలుకలకు ఇంత ధాన్యమని కూలి కట్టిరి. వారు వేలకొలది చంపిరి; అయినను తగ్గినట్లే కనబడలేదు. వాన చేయవలసిన పని మనుష్యుల చేతనయ్యెడిదా!

తెలుగు మాటలాడు ఆ వడ్డెరలు దీనిని ‘మెట్టాడె’ అనిరని ఎలియట్ వ్రాసికొనెను. ‘మెట్ట’ అను మాట అందులో మాకు వినిపించుచున్నది. ఇది మా ఊహ మాత్రమే. 1837లో లండనులో గ్రే అను శాస్త్రజ్ఞుడు ఆ మాటనే శాస్త్రనామముగా చేసెను గాని, ఒక అక్షరము మారి ‘మెల్టాడ’ యైనది. నేటి పూర్తి నామము మిలార్డియా మెల్టాడ. మొదటి పదము బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు సేవచేసిన మిలార్డు పేర వచ్చినది; రెండవది, అక్షరము తప్పినను, వడ్డెరలది.