నిద్రపోతున్న హత్యని లేపాలా?

"అది ఎప్పుడో క్లోజ్ అయిపోయింది కదా, ఇప్పుడు కెలకడం ఎందుకు?" పాత బగ్గు గురించి అడిగితే మన ఆఫీసుల్లో వినబడే మాట ఇది. అగాథా క్రిస్టీ రాసిన 'స్లీపింగ్ మర్డర్'లో మిస్ మార్పుల్ కూడా మొదట దాదాపు ఇదే అంటుంది. డిటెక్టివే దర్యాప్తు వద్దనే డిటెక్టివ్ నవల! నాకు ఈ పుస్తకం మీద ఇష్టం అక్కడే మొదలైంది. (హంతకుడెవరో చెప్పన్లెండి, నిశ్చింతగా చదవండి.)

కథ క్లుప్తంగా చెప్తాను. గ్వెండా న్యూజిలాండులో పెరిగిన ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయి. కొత్తగా పెళ్ళయింది. ఇంగ్లండు దక్షిణ తీరాన డిల్‌మత్ అనే చిన్న ఊళ్ళో ఇల్లు కొంటుంది (ఊరు కల్పితం). తోటలో ఫలానా చోట మెట్లుండాలి అనుకుంటుంది, తవ్వితే పాత మెట్లు బయటపడతాయి. గోడకి ఇక్కడ తలుపుంటే బావుణ్ణు అంటుంది, అక్కడ నిజంగానే పూడ్చేసిన తలుపుంటుంది. లండన్లో 'ది డచెస్ ఆఫ్ మాల్ఫీ' నాటకం చూస్తూ ఒక్క డైలాగు విని కేక పెట్టి పారిపోతుంది. పద్దెనిమిదేళ్ళ కిందట, మూడేళ్ళ పిల్లగా, అదే ఇంటి మెట్ల కటకటాల్లోంచి ఒక శవాన్ని చూసిన జ్ఞాపకం అది.

చిక్కేంటంటే, ఊరి లెక్కలో అసలు హత్యే జరగలేదు. చనిపోయింది గ్వెండా సవతి తల్లి హెలెన్. ఆవిడ ఎవరితోనో లేచిపోయిందని ఊరంతా నమ్మింది. కేసు లేదు, ఫైలు లేదు. ఇండియాలో సైన్యంలో పనిచేసొచ్చిన గ్వెండా తండ్రి మాత్రం భార్యని తనే గొంతు నులిమి చంపానని నమ్మాడు. ఆ నమ్మకంతోనే మానసిక వైద్యశాలలో చచ్చిపోయాడు.

ఇక ఈ పుస్తకం చరిత్ర కూడా ఒక పాత కేసు లాంటిదే. క్రిస్టీ 1976 జనవరి 12న చనిపోయింది. నవల ఆ ఏడాదే, ఆవిడ పోయాక వచ్చింది. అట్ట మీద 'మిస్ మార్పుల్ చివరి కేసు' అని వేశారు. కానీ ఆవిడ దీన్ని దశాబ్దాల ముందే రాసి దాచిపెట్టింది. పాయ్‌రో చివరి నవల 'కర్టెన్' హక్కులు కూతురికి, దీని హక్కులు భర్తకి రాసిచ్చింది. ఒక దశలో అనుకున్న పేరు 'కవర్ హర్ ఫేస్'. 1962లో పి.డి. జేమ్స్ తన మొదటి నవలకి అదే పేరు పెట్టేసుకుంది, దాంతో ఇది మారక తప్పలేదు.

రాసిందెప్పుడు? 1940 ప్రాంతంలో అని చాలాకాలం అనుకున్నారు. క్రిస్టీ నోట్‌బుక్కులు పరిశీలించిన జాన్ కరన్, 2009లో వచ్చిన తన పుస్తకంలో, అంతకన్నా కొన్నేళ్ళ తర్వాతే రాసుండాలని వాదించాడు. ఏదేమైనా 'చివరి కేసు' అన్న ముద్ర నిలవదని చెప్పడానికి ఒక్క సాక్షి చాలు. 1962 నాటి నవల 'ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్'లో కల్నల్ బాంట్రీ అప్పటికే చనిపోయాడు, ఆయన భార్య వితంతువు. 1976లో అచ్చయిన ఈ నవల్లో ఆయన నిక్షేపంగా బతికున్నాడు! మన భాషలో చెప్పాలంటే రిలీజ్ తేదీ వేరు, కోడ్ రాసిన తేదీ వేరు.

వేలిముద్రలు, లాబ్ రిపోర్టులు లేనిచోట క్రిస్టీకి దొరికిన ఆధారం చిన్న ఊరే. పద్దెనిమిదేళ్ళనాటి వంటమనిషి, తోటమాలి, దుకాణంలో అమ్మినవాళ్ళు ఇంకా వెతికితే దొరికే దూరంలోనే ఉన్నారు. తలా ఒక ముక్క చెప్తారు. మిస్ మార్పుల్ తోటలో కలుపు తీస్తూ, బట్టల కొట్లో కబుర్లాడుతూ ఆ ముక్కల్ని అతుకుతుంది. మన చిన్న ఊళ్ళల్లో కూడా అంతే కదా, "వాళ్ళింట్లో అప్పట్లో ఏదో అయిందట" అన్న మాట రెండు తరాలు నడుస్తుంది. తెలిసిందేమిటో, అనుకున్నదేమిటో విడదీసేవాళ్ళే ఉండరు.

1942లో వచ్చిన 'ఫైవ్ లిటిల్ పిగ్స్' కూడా ఇదే దారి. భర్తని చంపిందని శిక్షపడి జైల్లో చనిపోయిన తల్లి గురించి, పదహారేళ్ళ తర్వాత, పెళ్ళికి ముందు నిజం తెలుసుకోవాలని కూతురు పాయ్‌రో దగ్గరికొస్తుంది. రెండింట్లోనూ అడిగేది పోలీసు కాదు, అప్పటి పసిపిల్ల. నేను హంతకుల కూతురినా అన్నది ఆ పిల్లల ప్రశ్న. దానికి జవాబు లేకుండా వాళ్ళ కాపురాలు మొదలవవు.

అందుకే, మిస్ మార్పుల్ అంటే ఎంత గౌరవమున్నా, ఈ ఒక్క విషయంలో నా ఓటు గ్వెండాకే. నిద్రపోతున్న హత్యని లేపితే ప్రమాదమే, ఆ ముసలావిడ భయం నిజమేనని నవలే రుజువు చేస్తుంది కూడా. కానీ లేపకపోతే హాయిగా నిద్రపోయేది హంతకుడు. ఆ తండ్రి పేరు మీద చెయ్యని హత్య అలాగే ఉండిపోతుంది. ఆయన కడుక్కోలేడు. కూతురే కడగాలి.