ఒక్క సీడీ, మూడు కంప్యూటర్లు

ఇది దాదాపు ఇరవయ్యేళ్ళ నాటి ముచ్చట. అప్పుడు మా ఇంట మూడు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి నాది, రెండవది తమ్ముడిది, మూడవది నాన్నగారు ఉత్తరాలు వ్రాసుకునే పాత యంత్రం. వాటికి కావలసిన ఆపరేటింగు సిస్టము సీడీ మాత్రం ఒక్కటే. అది ఫుట్‌పాతు మీద దొరికే నకలు కాదు. నెల జీతంలో పెద్ద భాగమే వెచ్చించి, అట్టపెట్టెతో, రసీదుతో కొని తెచ్చిన అసలు సీడీ. మా బంధువర్గంలో అలా కొన్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ సంగతి కాస్త గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా.

నా కంప్యూటరులో అది సాఫీగానే ఎక్కింది. తమ్ముడి దానిలో ఎక్కించబోతే, ఆ సంకేతం ఇప్పటికే మరొక యంత్రంలో వాడుకలో ఉన్నదని చెప్పి మొరాయించింది. "కొన్నది మనమే కదా అన్నయ్యా, ఇల్లూ ఒక్కటే కదా. మళ్ళీ కొనడమేమిటి?" అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు. వాడి స్నేహితుడెవరో ఇచ్చిన ఒక చిన్న ప్రోగ్రాముతో ఆ తాళం ఊడగొట్టాము. నాన్నగారి యంత్రానికీ అదే వైద్యం చేశాము.

కొన్ని వారాల తరువాత, నేను వ్రాసిన వ్యాసమొకటి వేరొకరి పేరుతో మరొకచోట కనబడింది. ఆ కోపంలో గ్రంథచౌర్యం మీద ఒక పెద్ద టపా వ్రాశాను. తమ్ముడు అది చదివి, "మన సీడీ సంగతి కూడా వ్రాయవలసింది" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళుగా నన్ను వదలలేదు. ఒక ఇంట్లో ఎన్ని యంత్రాలుంటే అన్నిసార్లు కొనాలన్న నియమం ఎప్పుడు, ఎలా పుట్టిందో తెలుసుకుందామని అప్పుడప్పుడూ చదువుతూ వచ్చాను. చదివిన దాని సారమే ఈ వ్యాసం.

మొదట్లో ఆ ప్రశ్నే లేదు. ఐబీఎం వంటి సంస్థలు గదులంత యంత్రాలను అమ్మే, అద్దెకిచ్చే రోజుల్లో ప్రోగ్రాములు వాటి వెంటనే వచ్చేవి. 1969 జూన్‌లో ఐబీఎం తన సాఫ్టువేరుకు, సేవలకు విడిగా వెల కడతామని ప్రకటించింది. సాఫ్టువేరు ఒక విడి సరుకుగా స్థిరపడడంలో అది ముఖ్యమైన మలుపు.

తరువాతి ఘట్టం ఇళ్ళలోకి యంత్రం వచ్చిన నాటిది. 1975 జనవరిలో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటరు ఔత్సాహికులకు పరిచయమైంది. దానికి బిల్ గేట్స్, పాల్ ఆలెన్ బేసిక్ భాషను తయారుచేసి ఇచ్చారు. అది కాగితపు పట్టీ మీద రంధ్రాల రూపంలో ఉండేది. కాలిఫోర్నియాలోని హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు సభ్యుల చేతికి అటువంటి పట్టీ ఒకటి చిక్కింది. దానికి నకళ్ళు తీసి పంచుకున్నారు. 1976 ఫిబ్రవరి 3 తేదీతో గేట్స్ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ వ్రాశాడు. ఆల్టెయిర్ యజమానుల్లో బేసిక్‌ను కొన్నవారు పది శాతం కన్నా తక్కువేనని, తాము వాడుకున్న కంప్యూటరు సమయం విలువే 40,000 డాలర్లు దాటిందని, వచ్చిన రాబడిని శ్రమించిన గంటలకు పంచితే గంటకు రెండు డాలర్లయినా రాలేదని వాపోయాడు. అప్పటికి అతడికి ఇరవయ్యేళ్ళు. యంత్రానికి డబ్బిస్తాము, ప్రోగ్రాము మాత్రం పంచుకుంటామనే ధోరణి సరికాదన్నది అతడి వాదన. తరువాత అతడు గడించిన సంపదను పక్కనపెట్టి చదివితే, ఆ లేఖలో ఒక రచయిత బాధ కనిపిస్తుంది. నా వ్యాసం పోయినప్పుడు నేను పడ్డది కూడా అదే బాధ.

అయితే తమ్ముడి మాటలోని న్యాయం కూడా చాలా పాతది. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక నవల తగాదా వచ్చింది. ఆ నవలను ఒక డాలరుకు తక్కువగా అమ్మరాదని ప్రకాశకులు లోపల అచ్చువేశారు. మేసీస్ దుకాణం వారు 89 సెంట్లకు అమ్మారు. ప్రతి ఒకసారి అమ్ముడయ్యాక దాని మీద అటువంటి షరతు విధించే హక్కు ప్రకాశకుడికి లేదని కోర్టు తీర్పు చెప్పింది. పుస్తకాన్ని మనం మరొకరికి అమ్మడం, ఎరువివ్వడం, బహుమతిగా ఇవ్వడం ఈ సూత్రం మీదనే నిలిచి ఉన్నాయి.

సాఫ్టువేరుకు ఇదెందుకు వర్తించలేదు? పుస్తకం చదవాలంటే నకలు తీయనక్కరలేదు. ప్రోగ్రాము నడవాలంటే యంత్రంలోకి నకలు కావలసిందే. 1980లో అమెరికా తన చట్టాన్ని సవరించి, ప్రతికి యజమాని అయినవాడు దానిని యంత్రంలో వాడుకోవడానికి తప్పనిసరైన నకలు, భద్రత కోసం మరొక నకలు తీసుకోవచ్చునని అన్నది. కీలకం 'యజమాని' అనే మాటలో ఉన్నది. కంపెనీలు దాని చుట్టూ దారి వేసుకున్నాయి. మేము అమ్మడం లేదు, వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నామన్నాయి. పెట్టె విప్పగానే కనబడే ఆ పొడుగాటి ఒప్పందం పుట్టుక ఇదే. అటువంటి ఒప్పందం చెల్లుతుందని 1996లో ప్రోసీడీ కేసులోనూ, దానికి లోబడినవాడు యజమాని కాడని 2010లో వెర్నర్, ఆటోడెస్క్ కేసులోనూ అక్కడి అప్పీలు కోర్టులు తేల్చాయి. మన దేశంలో 1984 సవరణతో ప్రోగ్రాము సాహిత్య కృతుల జాబితాలో చేరింది. అంటే చట్టం దృష్టిలో నా వ్యాసమూ, ఆ సీడీలోని సరుకూ ఒకే కోవకు చెందినవి! 1994 సవరణ, అక్రమ నకలని తెలిసి తెలిసి కంప్యూటరులో వాడడాన్ని శిక్షార్హం చేసింది. లాభాపేక్ష, వ్యాపారం లేనిచోట జైలుశిక్ష విధించకుండా జరిమానాతో సరిపెట్టే వీలునూ న్యాయస్థానానికి ఇచ్చింది.

ఇక్కడ ఒక మంచి ప్రయత్నాన్ని తలచుకోవాలి. 1983లో బోర్లాండ్ సంస్థ టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకు విడుదల చేసింది. దీనిని పుస్తకంలా చూసుకోండి, ఎవరైనా వాడవచ్చు, ఏ యంత్రానికైనా మార్చుకోవచ్చు, ఒకే సమయంలో రెండుచోట్ల వాడకుండా ఉంటే చాలు అన్నది ఆ సంస్థ షరతు. ఒక పుస్తకాన్ని ఇద్దరు వేరువేరు గదుల్లో ఒకేసారి చదవలేరు కదా. సామాన్యుడికి అర్థమయ్యే ధర్మం అది.

ఇంటి మాట తేలినది ఆ తరువాతే. 2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో యాక్టివేషన్ అనే పద్ధతి ఉండేది. పాతికక్షరాల సంకేతాన్ని యంత్రంలోని భాగాల గుర్తులతో ముడివేసి, ముప్పై రోజుల్లోగా అంతర్జాలం ద్వారా గానీ, టెలిఫోను ద్వారా గానీ నమోదు చేయించుకోవాలి. ఒక ప్రతి ఒక యంత్రానికే అన్న షరతు అంతకుముందూ కాగితం మీద ఉన్నదే. యాక్టివేషన్‌తో దానికొక కావలివాడు వచ్చాడు. మరుసటి ఏడాది ఆపిల్ సంస్థ మాక్ ఓఎస్ టెన్ 10.2ను ఒక యంత్రానికి 129 డాలర్లకు, ఒకే ఇంటిలోని అయిదింటికి 199 డాలర్లకు ఇచ్చింది. కావలివాడు మాత్రం లేడు. కుటుంబానికి ఇచ్చిన ఆ ఒప్పందంలో 'ఇల్లు' అంటే ఏమిటో నిర్వచించారు. ఇంటినుండి వెళ్ళి కళాశాల వసతిలో ఉంటున్న పిల్లలు కూడా ఆ ఇంటివారే! మైక్రోసాఫ్ట్ కూడా 2009లో విండోస్ 7కు మూడు కంప్యూటర్ల కుటుంబ ప్యాకును 149.99 డాలర్లకు అమ్మింది. అది కొంతకాలానికే పరిమితమైన అవకాశం.

ఇవన్నీ చదివాక నాకు స్పష్టమైనది ఒక్కటే. చట్టానికి యజమాని తెలుసు, అనుమతి పొందినవాడు తెలుసు, ఇల్లు తెలియదు. ఒక గడప లోపలివాళ్ళను ఒక్కరుగా చూడడం వ్యాపారి దయ మీద ఆధారపడిన సంగతి. కనుక తమ్ముడు అడిగినది సరైన ప్రశ్న. దానికి మేము చేసినది మాత్రం సరైన జవాబు కాదు.

ఎందుకంటే సరైన జవాబు అప్పటికే మా వీధిలోకి తపాలాలో వస్తూ ఉండేది. జీపీఎల్ ఒప్పందం కింద విడుదలయ్యే లినక్సును ఎన్ని యంత్రాలలోనైనా ఎక్కించవచ్చు, నకళ్ళు తీసి పంచవచ్చు. 2004 అక్టోబరులో మొదలైన ఉబుంటు వాళ్ళు అడిగినవారికి సీడీలను ఉచితంగా ఇంటికే పంపేవారు. ఆ ఏర్పాటు 2011 వరకు సాగింది. మాకూ ఒకటి వచ్చింది. దానిని బల్ల సొరుగులో పెట్టి, నేర్చుకునే ఓపిక లేక, దొంగ తాళంచెవితో కాలం గడిపాము. అనుమతి ఇచ్చేవాడు తలుపు తీసి నిలబడితే అటు వెళ్ళక, మూసిన తలుపును బద్దలుకొట్టడం పేదరికమూ కాదు, తిరుగుబాటూ కాదు. ఒట్టి బద్ధకం.

కాలచక్రం మళ్ళీ మొదటికి వచ్చింది. 2013 నుండి ఆపిల్ తన ఆపరేటింగు సిస్టముకు విడిగా వెల కట్టడం లేదు. ఈనాడు ల్యాప్‌టాపు కొంటే విండోస్ సాధారణంగా దానితోనే వస్తున్నది. 1969కి ముందులాగే వెల యంత్రంలో కలిసిపోయింది. తమ్ముడి ప్రశ్న నేటి పిల్లలకు తోచకపోవచ్చు. వాళ్ళు కొనుక్కుంటున్నది కూడా అనుమతినే అన్న సంగతి సైతం అలాగే మరుగున పడుతున్నది.

ఆనాటి టపాలో వ్రాయవలసిన మాట ఇప్పుడు వ్రాశాను. నా వ్యాసం ఎత్తుకుపోయినవారిని ఈరోజుకూ నేను సమర్థించను. అదే తూనికరాళ్ళతో నన్ను నేను తూచుకోవడం మాత్రం కాస్త ఆలస్యమైంది. మీ ఇళ్ళలో ఆ ఒక్క సీడీ ఎన్ని యంత్రాలు తిరిగిందో మీరూ వ్రాస్తే చదవాలని ఉంది.