అరకు లోయకు ఘాట్ రోడ్లు

అరకు లోయ అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తూర్పు కనుమల నడుమ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న విహార ప్రాంతం. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ లోయ గుండానే సాగుతుంది. రోడ్డున వచ్చేవారికి ఆంధ్రప్రదేశ్ వైపు నుంచి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒడిశాలోని కోరాపుట్ నుంచి పాడువా మీదుగా మరో దారి ఉంది.

విశాఖపట్నం నుంచి దగ్గరి దారి శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా పోతుంది. దూరం దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాటి బొడ్డవర దాకా మైదానమే. ఆ పైన ఘాట్ మొదలై, మలుపు మలుపుకీ గాలి చల్లబడుతూ వస్తుంది. త్యాడ అడవి, డముకు వ్యూపాయింట్ దాటాక అనంతగిరి కాఫీ తోటలు వస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల పాదులు రోడ్డుకు ఇరువైపులా కనిపిస్తాయి. గిరిజన రైతులు పండించే అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అనంతగిరి మండలంలోనే ప్రధాన రహదారి నుంచి చీలే దారి బొర్రా గుహలకు తీసుకుపోతుంది. సున్నపురాయి నీటిలో కరిగి ఏర్పడిన ఈ గుహలకు గోస్తనీ నదితో సంబంధం ఉంది. కటికి జలపాతం అక్కడికి దగ్గరే. తిరిగి పెద్ద రోడ్డెక్కితే గాలికొండ, సుంకరమెట్ట దాటి లోయలోకి దిగవచ్చు.

రెండో దారి చోడవరం, మాడుగుల, పాడేరుల మీదుగా సాగుతుంది. మాడుగుల హల్వాకు పేరు మోసిన ఊరు. కొండ ఎక్కేముందు అక్కడ ఆగనివారు తక్కువ. గరికిబంద దాటాక వంట్లమామిడి వైపు ఘాట్ ఎక్కితే పాడేరు చేరవచ్చు. మోదకొండమ్మ గుడి అక్కడిదే. సమీపంలోని వంజంగి కొండపై శీతాకాలపు తెల్లవారుజామున మేఘాలు పాదాల కింద పరుచుకుంటాయి. పాడేరు నుంచి హుకుంపేట, డుంబ్రిగుడ మీదుగా అరకు చేరే దారిలో మెట్ల పొలాలు, గిరిజన గ్రామాలు, వారపు సంతలు తగులుతాయి. నవంబరు ప్రాంతంలో వలిసె పూలు కొండవాలులను పసుపు పచ్చగా మార్చేస్తాయి. చాపరాయి జలపాతం ఈ దారిలోనిదే. కొండ ప్రజల జీవితాన్ని దగ్గరగా చూపడంలో ఎస్.కోట దారి దీనికి సాటిరాదు.

మూడోది నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి మీదుగా పాడేరులో కలిసే దారి. ఇది దూరమైనది, చరిత్ర బరువున్నది. 1920ల ఆరంభంలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఈ ఘాట్ రోడ్డు పనిలో గిరిజనులను పెట్టిన హింస, సరైన కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ముఖ్యమైనవి. ఆ తిరుగుబాటును నడిపిన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న మొదట దాడి చేసిన పోలీస్ స్టేషన్ చింతపల్లిదే. ఈనాడు పొగమంచు చూడటానికి ఆ రోడ్డెక్కేవారు ఈ సంగతి తెలుసుకుని వెళ్లడం న్యాయం. లంబసింగిలో చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోతుంది.

రాజమహేంద్రవరాన్ని విజయనగరంతో కలిపే 516ఈ జాతీయ రహదారి చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగానే సాగుతుంది. వ్యవధి ఉన్నవారు ఒక దారిన ఎక్కి, మరో దారిన దిగడం మేలు.

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. భారీ వర్షాల్లో కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవచ్చు. మంచు కమ్మినప్పుడు ఎదుటి బండి దగ్గరకు వచ్చేదాకా కనబడదు కాబట్టి ఘాట్ పగటిపూటే దాటాలి. దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. తక్కువ గేరులో దిగుతూ, మలుపుల్లో హారన్ కొట్టి, ఎక్కుతున్న బండికి దారి ఇవ్వాలి.